రోహిణి కార్తెలో మంచుదారి

తెలుగునాట రోళ్లు పగులుతాయని చెప్పుకునే రోహిణి కార్తె మే నెల చివరి వారంలో మొదలై జూన్ మొదటి వారం దాకా సాగుతుంది. సరిగ్గా ఆ పదిహేను రోజుల్లోనే, శ్రీనగర్ బజారులోకి చెర్రీ పండ్ల బుట్టలు దిగుతున్నప్పుడే, అక్కడికి ఈశాన్యంగా కొండల్లో దాదాపు 3,700 మీటర్ల ఎత్తున ఉన్న విషన్‌సర్ సరస్సుకు దారితీసే కనుమ మీద చాలా ఏళ్లలో మంచు ఇంకా మందంగా పరుచుకునే ఉంటుంది. పంచాంగం ప్రకారం రెండు చోట్లా ఒకటే వేసవి. అయితే ఎత్తైన కొండల్లో వేసవి తేదీని బట్టి రాదు. చలికాలమంతా కురిసి పేరుకున్న మంచును కరిగించడానికి కావలసినంత వేడి పోగుపడినప్పుడే వస్తుంది. ఆ దారిలో నడిచేవారికి ఎదురయ్యే జారుడు వాలు, పొంగే వాగు, ఆలస్యంగా పూసే పువ్వు, చివరికి కంటిమంట కూడా ఈ వేడి లెక్కతో ముడిపడినవే.

లెక్కలోకి దిగేముందు మాట విషయంలో ఒక స్పష్టత అవసరం. తెల్లవారుజామున గడ్డి మీద మెరిసే బిందువుకూ, ధనుర్మాసంలో రోడ్డును కమ్మేసే పొగకూ, ఆకాశం నుంచి దూదిలా రాలే స్ఫటికానికీ, గ్లాసులో వేసుకునే గడ్డకూ తెలుగులో మంచు అనే ఒక్క మాటే సరిపోతోంది. మన నేల మీద అంతకుమించి అవసరం పడలేదు కాబట్టి అందులో తప్పుపట్టవలసింది లేదు. కొండదారిలో మాత్రం ఈ తేడాలు ప్రాణం మీదికి వస్తాయి కనుక, ఈ అధ్యాయంలో ఆకాశం నుంచి పడి నేల మీద పేరుకున్నదాన్ని హిమమనీ, నీరు గట్టిపడి ఏర్పడినదాన్ని మంచుగడ్డ అనీ, ఏళ్ల తరబడి పేరుకున్న హిమం తన బరువుకే నలిగి గడ్డకట్టి వాలు వెంట మెల్లగా జారే రాశిని హిమానీనదమనీ పిలవడం జరుగుతుంది.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్న దారి సింధ్ లోయలోని సోనమర్గ్ దగ్గర మొదలవుతుంది. ఈ సింధ్ జీలం నదిలో కలిసే చిన్న ఏరే తప్ప పేరుమోసిన సింధు నది కాదు. అక్కడి నుంచి సుమారు 4,100 మీటర్ల నిచ్‌నై కనుమ దాటి విషన్‌సర్, కిషన్‌సర్ సరస్సులను చేరుకుని, ఇంకో వంద మీటర్లు ఎత్తైన గాడ్‌సర్ కనుమ ఎక్కి దిగి, గాడ్‌సర్, సత్‌సర్‌ల మీదుగా హర్ముఖ్ పర్వత పాదాన ఉన్న గంగాబల్, నంద్‌కోల్ సరస్సుల దాకా సాగే ఈ దారి చివరికి పాత ఆలయ శిథిలాలున్న నారానాగ్ గ్రామంలో దిగుతుంది. మొత్తం 70 కిలోమీటర్లకు అటూఇటూగా ఉండే ఈ నడకకు మామూలుగా ఆరేడు రోజులు పడుతుంది. కశ్మీరీలో సర్ అంటే సరస్సు, మర్గ్ అంటే పచ్చిక బయలు, గాడ్ అంటే చేప, సత్ అంటే ఏడు. ఈ నాలుగు మాటలు తెలిస్తే దారిలో సగం పేర్లు వాటంతట అవే విడిపోతాయి. 1856లో సర్వే అధికారి థామస్ మాంట్‌గొమరీ హర్ముఖ్ మీది స్థావరం నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కారకోరం శిఖరాలను చూసి, తన పుస్తకంలో వాటికి కె1, కె2 అని గుర్తులు వేసుకున్నాడు. ప్రపంచంలో రెండో ఎత్తైన శిఖరానికి ఈనాటికీ ఆ గుర్తే పేరుగా మిగిలింది.

ఈ సరస్సులన్నీ హిమానీనదాలు తవ్విన గుంటలు. ఒకప్పుడు శిఖరాల ఒడిలో పేరుకున్న మంచుగడ్డ తన అడుగున ఇరుక్కున్న రాళ్లతో కింది శిలను ఆకురాయిలా అరగదీసి, మూడు వైపులా నిలువు గోడలూ నాలుగో వైపు చిన్న గట్టూ ఉన్న గిన్నెలాంటి పల్లాలను చెక్కింది. వాతావరణం వేడెక్కి మంచుగడ్డ వెనక్కి తగ్గినప్పుడు ఆ పల్లాల్లో నీరు నిలిచింది. హిమానీనదం మోసుకొచ్చి అంచున గుట్టగా పోసిపోయిన రాళ్లమట్టిని మొరెయిన్ అంటారు. చాలా సరస్సులకు అదే సహజమైన కట్ట. నీటి రంగుకూ ఈ అరుగుదలే కొంత కారణం. రాతిని రాయి నూరగా వచ్చిన, పిండికన్నా మెత్తనైన పొడి నీటిలో తేలుతూ నీలం, ఆకుపచ్చ కాంతులను ఎక్కువగా చెదరగొడుతుంది. ఆ పొడి తక్కువగా ఉన్న సరస్సుల్లో, నాచు పెరగడానికి పోషకాలు కూడా కరువైనప్పుడు, స్వచ్ఛమైన నీటికి సహజంగా ఉండే ముదురు నీలమే పైకి కనిపిస్తుంది.

ఇక అసలు లెక్క. సముద్రమట్టం నుంచి పైకి పోయేకొద్దీ గాలి ఉష్ణోగ్రత ప్రతి వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుంది. సుమారు 1,585 మీటర్ల ఎత్తున ఉన్న శ్రీనగర్‌లో జూన్ నెల పగలూ రాత్రీ కలిపిన సగటు 21, 22 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి, ఈ సూత్రాన్ని బట్టి నిచ్‌నై కనుమ మీద అది ఐదారు డిగ్రీలు ఉండాలి. ఐదారు డిగ్రీలంటే సున్నాకు పైనే కదా, మరి హిమం ఎందుకు మిగిలి ఉందన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. జవాబు నీటి స్వభావంలో ఉంది. సున్నా డిగ్రీల దగ్గరున్న ఒక గ్రాము మంచుగడ్డ అదే సున్నా డిగ్రీల నీరుగా మారడానికి దాదాపు 80 క్యాలరీల వేడి తాగుతుంది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా పెరగకుండా లోపలికి ఇంకిపోయే ఈ వేడినే భౌతికశాస్త్రం గుప్తోష్ణం అంటుంది. ఆ 80 క్యాలరీలతో ఒక గ్రాము నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అంటే పొయ్యి మీద గిన్నెడు మంచుగడ్డలు పెడితే, అవి కరగడానికి పట్టినంత మంటే ఆ నీరు పొగలు కక్కడానికి కూడా పడుతుంది.

కొండ మీది పొయ్యి సూర్యుడు. వేసవి మొదట్లో తడిసి, నలిగి, బరువెక్కిన హిమం ఘనమీటరుకు సుమారు 500 కిలోలు తూగుతుంది కనుక, మీటరు మందం ఉన్న పొరలో ప్రతి చదరపు మీటరుకు అరటన్ను కరగవలసి ఉంటుంది. దానికి 16 కోట్ల 70 లక్షల జౌళ్ల శక్తి కావాలి. మబ్బులేని జూన్ రోజున ఆ ఎత్తులో చదరపు మీటరు మీద దాదాపు మూడు కోట్ల జౌళ్ల ఎండ పడుతుంది. అదంతా హిమానికి అందితే ఆరు రోజుల్లో పని అయిపోవాలి. కానీ తెల్లని హిమం తన మీద పడిన ఎండను తిప్పికొడుతుంది. కొత్తగా పడిన హిమం పదింట ఎనిమిది తొమ్మిది వంతులను, పాతబడి మాసినది సగానికి అటూఇటూగా వెనక్కి పంపుతుంది. ఇలా తిప్పికొట్టే పాలును పరావర్తన శాతం అంటారు. అలా మిగిలిన ఎండలోనూ కొంత రాత్రి వేడిగా ఆకాశానికి పోయేది పోగా, మీటరు హిమం కరగడానికి మూడు నాలుగు వారాలు పట్టడం మామూలు. కనుమల మీద, గాలి ఎత్తిపోసిన మడతల్లో పేరుకునేది ఒక మీటరుతో ఆగదు. జూన్ అంతా కరిగినా జూలై మొదటి వారానికి గాని దారి తేలకపోవడం ఈ లెక్కను బట్టి చూస్తే వింతేమీ కాదు.

ఈ లెక్కలో ఒక చమత్కారం ఉంది. నల్లని రాయి ఒకటి హిమంలోంచి తల బయటపెడితే, అది ఎండను పీల్చుకుని చుట్టూ వేడిని వెదజల్లుతుంది. దాని చుట్టూ గాడి కరుగుతుంది. గాడిలో ఇంకొంత రాయి బయటపడుతుంది. అందుకే హిమపు మైదానం సమంగా పలచబడదు. మచ్చలు మచ్చలుగా చిల్లులుపడి, ఆ చిల్లులు ఒకదాన్నొకటి అందుకుని, చివరి వారంలో చూస్తుండగానే మాయమవుతుంది. పది రోజుల క్రితం వెళ్లివచ్చినవారు ఇచ్చిన సమాచారం జూన్ చివర్లో ఎందుకూ కొరగాకుండా పోవడానికి కారణం ఇదే.

ఏటికేడు తేడా కూడా తక్కువేమీ కాదు. కశ్మీర్‌కు హిమం తెచ్చేది మన నైరుతి రుతుపవనం కాదు. మధ్యధరా సముద్ర ప్రాంతంలో పుట్టి ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ మీదుగా తూర్పుకు కదిలే అల్పపీడన తరంగాలు చలికాలంలో ఒకదాని వెంట ఒకటి వచ్చి ఇక్కడి కొండలకు కొట్టుకుంటాయి. వాతావరణ శాఖ వీటిని పశ్చిమ అలజడులు అంటుంది. అవి సరిగా రాని ఏడాది లెక్క తారుమారవుతుంది. 2024 జనవరిలో స్కీయింగ్‌కు పేరుపొందిన గుల్‌మర్గ్ వాలులే హిమం లేక గోధుమరంగులో పడి ఉన్నాయి. ఆ నెలాఖరు నుంచి గాని హిమపాతం అందుకోలేదు. రుతుపవనం విషయానికొస్తే, దక్షిణాన పీర్ పంజాల్ శ్రేణి అడ్డుగోడగా ఉండటంతో ఆ మేఘాలు లోయ దాకా వచ్చేసరికి చాలావరకు ఖాళీ అవుతాయి. హిమాచల్, ఉత్తరాఖండ్‌లలో కొండదారులు వానకు మూతపడే జూలై, ఆగస్టు నెలలు ఇక్కడ నడకకు అనువుగా ఉండటానికి కారణం ఆ గోడే.

జూన్‌లో ఈ దారి పట్టినవారికి తేదీకన్నా గడియారం ముఖ్యం. ఒకే వాలు ఒక్క రోజులో మూడు నాలుగు రకాల దారిగా మారుతుంది. మబ్బులేని రాత్రి హిమం తన వేడిని పరారుణ కిరణాల రూపంలో నేరుగా ఆకాశానికి వదిలేస్తుంది కనుక, గాలి ఉష్ణోగ్రత సున్నాకు కాస్త పైనున్నా దాని పైపొర గడ్డకడుతుంది. తెల్లవారుజామున ఆ పొర గచ్చులా ఉంటుంది. బూటు మడమతో తన్నితే గాని అంచు దిగదు, కాలు జారితే ఆపేదేమీ ఉండదు. ముప్పై డిగ్రీల వాలు మీద గట్టి హిమంలో జారిన మనిషి కొద్ది క్షణాల్లోనే పరుగెత్తే గుర్రమంత వేగం అందుకుంటాడు. ఈ వేళకే బూటుకు రబ్బరు పట్టీతో తొడిగే ఉక్కుపళ్ల గొలుసులు కావాలి. తొమ్మిది, పది గంటల ప్రాంతంలో పైపొర అంగుళం రెండంగుళాలు మెత్తబడి, కింద గట్టిగా ఉండి, పాదానికి చక్కటి మెట్టు దొరుకుతుంది. మధ్యాహ్నానికి నీరు పొరల్లోకి ఇంకి, స్ఫటికాల మధ్య పట్టు వదిలి, హిమం తడిసిన పంచదారలా కూలబడుతుంది. అడుగు వేస్తే మోకాలి దాకా, ఒక్కోసారి తొడ దాకా దిగబడుతుంది. వంద మీటర్లు దాటడానికి అరగంట పట్టే ఆ వేళల్లోనే నిటారు వాలుల మీద తడిబరువుకు హిమపు పొరలు జారిపడే ప్రమాదం కూడా ఎక్కువ. సూర్యుడు కొండ వెనక్కి పోయాక మళ్లీ గట్టిపడడం మొదలవుతుంది గాని, అప్పటికి నడిచేవారి బట్టలూ బూట్లూ తడిసి ఉంటాయి.

వాలు ఏ దిక్కుకు తిరిగి ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. దక్షిణం వైపు చూసే వాలుకు ఎండ సూటిగా తగులుతుంది, ఉత్తరపు వాలుకు ఏటవాలుగా. ఎక్కేటప్పుడు పూర్తిగా పచ్చబడిన కనుమ శిఖరం మీదికి చేరి, అవతలకు తొంగిచూసేసరికి తెల్లని జారుడుబల్ల కనిపించడం కొత్తవారిని తికమకపెడుతుంది. అనుభవమున్నవారు కనుమ గురించి అడిగేటప్పుడు ఎక్కే వాలు సంగతి వదిలేసి దిగే వాలు ఎలా ఉందని అడుగుతారు.

ఈ దారిలో కంటికి అతి భద్రంగా కనిపించి అంతగానూ మోసం చేసేది మంచు వంతెన. చలికాలంలో పక్క వాలుల నుంచి విరిగిపడిన హిమం ఇరుకైన వాగును పూర్తిగా కప్పేస్తుంది. వసంతం వచ్చి నీరు పారడం మొదలైనప్పుడు ఆ నీరూ, దానితోపాటు సాగే కాస్త వెచ్చని గాలీ కప్పును లోపలి నుంచి తొలుస్తాయి. పైనుంచి చూసేవారికి రాళ్లూ విరిగిన భూర్జ కొమ్మలూ దుమ్మూ పరుచుకున్న మాసిన తెల్లని బాట కనిపిస్తుంది. దాని మీద గొర్రెల గిట్టల గుర్తులు కూడా ఉండవచ్చు. దిగువన వాగు బయటపడే చోట వంగి లోపలికి చూస్తే అసలు రూపం తెలుస్తుంది. లోపల కమాను ఆకారపు గుహ, దాని కప్పు నిండా గిన్నెలు బోర్లించినట్టు వరసగా గుంటలు, ఒక్కో గుంట అంచు నుంచి బొట్లు బొట్లుగా నీరు, నీలిరంగు మసక వెలుతురు. గట్టుల దగ్గర రెండు మూడు మీటర్ల మందం ఉన్న కప్పు నడిమధ్య రెండు జానలే ఉండవచ్చు. పై నుంచి దీన్ని పసిగట్టడానికి గుర్తులు కొన్ని ఉన్నాయి. వంతెన నడుమ కాస్త కుంగి, ఆ కుంగిన చోట రంగు బూడిదగా మారుతుంది. అడ్డంగా వెంట్రుకలాంటి పగుళ్లు కనిపిస్తాయి. చేతికర్రతో పొడిస్తే గట్టి శబ్దానికి బదులు డొల్ల చప్పుడు వస్తుంది. పాదాల కింద నీటి హోరు వినిపిస్తుంది. పొద్దున దాటిన వంతెన సాయంత్రానికి ఉండకపోవచ్చు. పెద్ద బండల పక్కన కూడా ఇదే మోసం ఉంటుంది. బండ వేడికి చుట్టూ హిమం కరిగి గుల్లబారి, పైన పలచని పొర మాత్రం మిగులుతుంది కనుక, ఆనుకోవడానికి అనువుగా కనిపించిన బండ దగ్గరే కాలు తొడ దాకా కూరుకుపోతుంది.

వంతెన లేని చోట వాగులో దిగాలి. పగలంతా కరిగిన నీరు వాలులూ పొరలూ దాటి వాగును చేరడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి ఎండ మిట్టమధ్యాహ్నం ముదిరితే, వాగు సాయంత్రానికి ముదురుతుంది. రాత్రి పైన గడ్డకట్టడంతో తెల్లవారేసరికి చిక్కుతుంది. పొద్దున పిక్కల లోతున్న వాగు సాయంత్రం మోకాళ్లు దాటవచ్చు. లోతుకన్నా వేగం ప్రమాదకరం, ఎందుకంటే ప్రవాహం మనిషిని తోసే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది: వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. పైగా సున్నాకు కాస్త పైనున్న నీటిలో పాదం నిమిషంలో మొద్దుబారి, అడుగున రాయి ఎక్కడుందో తెలియకుండా పోతుంది. పక్షం తిరగకముందే ఎండిపోయే సీజను వాగును ఎన్నోసార్లు దాటిన పల్లెటూరి మనిషికి కూడా ఈ నీటితో పరిచయం ఉండదు.

శరీరం సంగతి వేరే చెప్పాలి. గాడ్‌సర్ కనుమ దగ్గర గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే అరవై శాతం మాత్రమే. గాలిలో ఆక్సిజన్ పాలు ఎక్కడైనా ఒకటే అయినా, ఒక్కో శ్వాసలో లోపలికి వచ్చే మొత్తం ఆ మేరకు తగ్గుతుంది. తెలుగు నేల మీద అత్యంత ఎత్తైన తూర్పు కనుమల శిఖరాలు సైతం 1,700 మీటర్లకు చేరవు. దారి మొదట్లో గుడారం వేసుకునే సోనమర్గే అంతకన్నా వెయ్యి మీటర్లు ఎత్తు. పొద్దున హైదరాబాద్‌లో విమానమెక్కిన మనిషి సాయంత్రానికి అక్కడ ఉండగలడు, కానీ అతని రక్తం హైదరాబాద్‌లోనే ఉంటుంది. తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం తొలి లక్షణాలు; వాటిని లెక్కచేయక పైకి పోతే ఊపిరితిత్తుల్లోకో మెదడులోకో నీరు చేరి ప్రాణం తీయవచ్చు. ఈ జబ్బు గురించి ప్రపంచానికి తెలిసినదానిలో మంచి భాగం భారత సైన్యపు వైద్యులు సమకూర్చినదే. 1962 యుద్ధకాలంలో మైదానాల నుంచి హుటాహుటిన కొండల మీదికి తరలించిన సైనికుల్లో ఇది విపరీతంగా కనిపించింది. ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది సైనికుల కేసులను పరిశీలించి 1969లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో మూలస్తంభాల్లో ఒకటి. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు అయిదు వందల మీటర్లకన్నా ఎక్కువ పెరగకూడదని ఇప్పటి వైద్యుల సూచన. సోనమర్గ్‌లో ఒక రోజు ఊరికే ఉండిపోవడం సోమరితనం కాదు.

హిమం తిప్పికొట్టే ఎండ కంటికి తగులుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు అతినీలలోహిత కిరణాలు పదిశాతం పైచిలుకు బలపడతాయి. కింద హిమం వాటిని మళ్లీ పైకి విసరడంతో టోపీ నీడ పనిచేయదు, ముక్కు కింద, గడ్డం కింద కూడా చర్మం కమిలిపోతుంది. నల్లకళ్లద్దాలు లేకుండా ఒక్క పూట హిమం మీద నడిచినవారికి అప్పటికప్పుడు ఏమీ తెలియదు; ఆరు నుంచి పన్నెండు గంటల తరువాత, గుడారంలో పడుకున్నాక, కంట్లో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. దీన్ని హిమాంధత్వం అంటారు. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది గాని, ఆ రెండు రోజులూ కనుమ దాటే పని ఉండకూడదు.

హిమం వెనక్కి తగ్గే అంచు వెంటనే జీవం ముందుకు వస్తుంది. కరిగిన నీటితో తడిసిన రెండు మూడడుగుల పట్టీలో, గడ్డి ఇంకా గోధుమరంగులో ఉండగానే, ప్రిములా పువ్వులు విచ్చుకుంటాయి; నిరుటి వేసవిలోనే మొగ్గను సిద్ధం చేసుకుని నేలలో దాచుకోవడం వాటి ఉపాయం. పాత హిమం మీద అక్కడక్కడా కనిపించే పుచ్చకాయ గుజ్జు రంగు రక్తమో తుప్పో కాదు, ఎండ నుంచి కాపాడుకోవడానికి ఎర్రని వర్ణద్రవ్యం తయారుచేసుకునే ఏకకణ నాచు. ఆ ఎరుపు ఎండను పీల్చి హిమాన్ని ఇంకాస్త వేగంగా కరిగిస్తుంది. గొర్రెలు, మేకలు, గుర్రాలతో జమ్మూ వైపు నుంచి బయలుదేరే బకర్వాల్ పశుపాలకులు ఈ అంచు వెంటే అంచెలంచెలుగా పైకి వస్తారు; పచ్చిక తేలని బయలుకు మందను తోలి లాభం లేదు కనుక, వారి రాకపోకలు కొండకు అసలైన పంచాంగం. గాడ్‌సర్ చుట్టుపక్కల రాళ్లూ మట్టీ పేర్చి కట్టిన వారి గుడిసెల్లో పొగ లేస్తోందంటే దారి తెరిచినట్టే. జూన్ రెండో వారంలో అక్కడికి వెళ్లినవారికి ఆ గుడిసెలు పైకప్పు కుంగి ఖాళీగా కనిపిస్తే వెనక్కి తిరగడానికి అంతకన్నా మంచి సూచన అవసరం లేదు.

జూన్‌లోనే సెలవు దొరికినవారు నిరాశపడనక్కరలేదు. సోనమర్గ్ నుంచి నిచ్‌నై లోయలో భూర్జ చెట్ల వరుస ముగిసే దాకా నడిచి తిరిగి రావడానికో, నారానాగ్ అడవుల వరకు పరిమితమవడానికో ఆ నెల చక్కగా పనికొస్తుంది. సరస్సులన్నీ చూడాలనుకుంటే ఆరుద్ర కార్తె దాటనివ్వాలి. అప్పటికి మామూలు ఏడాదిలో కనుమల మీద మట్టిదారి తేలి, విషన్‌సర్ పూర్తిగా నీలబడుతుంది. గాడ్‌సర్ నీటిలో మాత్రం ఎదుటి వాలు నుంచి విరిగిపడిన మంచుగడ్డలు ఒకటో రెండో ఇంకా తేలుతూనే ఉంటాయి.